పట్టికలో పట్టని వాక్యం

మీ పిల్లవాణ్ణి మీరు చివరిసారి ఎప్పుడు కొట్టారు?

జవాబు నాకు చెప్పనక్కర్లేదు. ప్రశ్నను మాత్రం తప్పించుకోకండి. "మా ఇంట్లో అలాంటివి లేవండి" అని నవ్వేసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో కొందరి పిల్లల అరచేతుల మీద స్కేలు వాతలు కూడా చూశాను. ఈ ప్రశ్నను నేను అడగాల్సిన కాలంలో అడగలేదు. దానికి బదులు వేరే ప్రశ్నలు ఇరవై నాలుగు తయారుచేసి, జిరాక్స్ తీయించి, నాలుగు బళ్లలో పంచాను. వాటివల్ల ఒక పిల్లవాడి పదో తరగతి పోయింది. ఎలా పోయిందో చెబుతాను.

రెండు వేల ఆరు ప్రాంతం. మాది తెనాలి. బాపట్లలో ఎం.ఎడ్. చదువుతున్నాను. పొద్దున్నే పాసింజరు ఎక్కడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. అప్పటికి మా వీధుల్లో ఎక్కడ చూసినా నెట్ సెంటర్లు, గేమ్స్ సెంటర్లు. మామూలు ఇంటి ముందు గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి, కిటికీకి నల్ల కాగితం అంటించి, గుమ్మానికి కర్టెన్ కడితే అదే సెంటరు. లోపల పిల్లలు తుపాకులు పేలుస్తుంటారు. బయట పెద్దవాళ్లు తిట్టుకుంటూ పోతుంటారు. ఏ పిల్లవాడు ఎక్కడ తలపడ్డా "ఆ గేములు ఆడి ఆడి ఇలా తయారయ్యారు" అనడం అందరికీ అలవాటైంది.

థీసిస్ విషయం ఎంచుకోవలసి వచ్చినప్పుడు మా గైడు సార్ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"వీడియో గేములు, విద్యార్థుల్లో హింసాప్రవృత్తి. ఇది తీసుకో అమ్మా. మన దగ్గర ఎవరూ చెయ్యలేదు. పైగా ఏం వస్తుందో తెలిసిందే కాబట్టి నీకు ఇబ్బంది కూడా ఉండదు."

ఏం వస్తుందో ముందే తెలిస్తే ఇక పరిశోధన ఎందుకండీ అని నేను ఆ గదిలోనే అడగాలి. ఎందుకంటే నేను మామూలు విద్యార్థిని కాదు. అలా అనుకునేదాన్ని. తెనాలిలో ఒక ప్రెస్సు మేడమీద ప్రతి ఆదివారం జరిగే చర్చల్లో ఇంటర్ నుంచి పెరిగాను. ఒక రిటైరైన లెక్కల మాస్టారు మాకు వాదించడం నేర్పాడు. ఒక వారం ఏ పక్షం మాట్లాడామో మరుసటి వారం దానికి ఎదురు పక్షం మాట్లాడాలి. రుజువు లేని మాట అంటే చాలు, "కూర్చోమ్మా, అది నీ నమ్మకం, మాకు పనికిరాదు" అనేవాడు. చేతబడి, దెయ్యం, పూనకం అని కబురొస్తే మేము నలుగురైదుగురం కలిసి ఆ ఊరు వెళ్లేవాళ్లం.

ఒకసారి నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లెకు వెళ్లాం. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయికి దెయ్యం పట్టిందని వేపమండలతో కొడుతున్నారు. మా వాళ్లు అరుగు మీద కూర్చుని పెద్దలతో వాదనకు దిగారు. మాస్టారు నన్ను పక్కకు పిలిచి, "నువ్వు లోపలికెళ్లి ఆ పిల్లకు చీర మార్చు, ఒళ్లు చూసి రా" అన్నాడు. వెళ్లాను. వీపు మీద వేపమండ గీతల కింద పాత దెబ్బలున్నాయి. నల్లగా మారినవి, పచ్చగా మారినవి, నెలల నాటివి. ఆ రోజు తిరుగు బస్సులో మాస్టారు అన్న మాట నాకు బాగా గుర్తు. "దెయ్యం లేదని రుజువు చెయ్యడం తర్వాతి సంగతి. దెయ్యం అని ఎవరన్నా ముందు ఆ మనిషి ఒంటి మీద దెబ్బలు వెతకాలి."

ఆ మాట నాకు అంత బాగా గుర్తుండి కూడా అవసరమైన చోట పనికి రాలేదు.

ముందు తెనాలిలో ఒక గేమ్స్ సెంటర్లో వారం రోజులు కూర్చున్నాను. ఆడపిల్ల లోపలికి వచ్చేసరికి మొదటిరోజు కుర్రాళ్లంతా బిగుసుకుపోయారు.

"అక్కా, మీరు పోలీసులా?" అని ఒకడు అడిగాడు.

"కాదు, చదువుకుంటున్నాను. మీ ఆట గురించి రాసుకోవాలి."

"ఆట గురించి కూడా చదువుంటుందా అక్కా? మాకు ఆ కాలేజీ చెప్పండి, ఇప్పుడే చేరిపోతాం."

అందరూ నవ్వారు. కుర్చీ ఖాళీ చేసి నన్నూ ఆడమన్నారు. మౌస్ పట్టుకుని అరనిమిషంలో చచ్చిపోయాను.

"ఒరేయ్, అక్క శత్రువుని వదిలేసి గోడని కాల్చిందిరా."

"గోడేం తప్పు చేసిందక్కా?"

నేను నోట్సు రాసుకున్నాను. ఎవడు ఎన్నిసార్లు "చంపెయ్" అన్నాడు, ఎవడు ఏం తిట్టాడు, ఎవడు బల్ల గుద్దాడు అని గీతలు పెట్టుకున్నాను. చచ్చిపోయినవాడు బతికున్నవాడి చేతిలోని చేగోడీల పొట్లంలో చెయ్యి పెట్టి తింటున్నాడు. అది రాసుకోలేదు. దానికి గీత పెట్టడానికి నా నోట్సులో గడి లేదు.

తర్వాత బళ్లు. నాలుగోది రేపల్లెలో ఒక ప్రైవేటు హైస్కూలు. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా పాసింజరు రేపల్లె చేరి ఆగిపోతుంది. అక్కడి నుంచి ముందుకు పట్టాలు లేవు. స్టేషను నుంచి బడికి నడిచి వెళ్లాను. హెడ్మాస్టరు మర్యాదస్తుడు. టీ తెప్పించాడు.

"మా పిల్లలు అలాంటివి ఆడరమ్మా. అయినా మీ చదువుకి పనికొస్తుందంటే కాదనను. అయితే పిల్లలు రాసిన ఏ కాగితమైనా నా బల్ల మీద రెండు రోజులుండి బయటికి వెళ్తుంది. అది మా బడి పద్ధతి."

"అలాగేనండి" అన్నాను. నవ్వుతూ అన్నాను.

పదో తరగతి గది. ఫారాలు పంచాను. నాకు ఉపన్యాసాలు అలవాటు కదా, అక్కడా ఒకటి ఇచ్చాను. "పేర్లు రాయొద్దు. మీరెవరో నాకు తెలియదు, తెలియక్కర్లేదు. నిజం రాయండి. నిజం రాసినవాడు ఎవరికీ భయపడక్కర్లేదు. అబద్ధాల మీద కట్టిన చదువు చదువు కాదు." కొందరు పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. నాకు ముచ్చటేసింది.

అంతలో క్లాసు టీచరు, స్లిప్ టెస్టు పెట్టినంత మామూలుగా, "పైన కుడివైపు అందరూ రోల్ నంబరు వెయ్యండిరా" అన్నాడు. పెన్నులు కదిలాయి.

నేను విన్నాను. ఆపాలని నోటిదాకా వచ్చింది. రోల్ నంబరు ఉంటే అర్ధసంవత్సర పరీక్ష మార్కులతో సరిచూడొచ్చు, గైడు సార్ సంతోషిస్తాడు అన్న ఆలోచన దాని వెనకే వచ్చింది. నోరు మూసుకున్నాను. ఈ మొత్తం కథలో నా తప్పు ఏదని అడిగితే ఈ ఒక్క క్షణాన్ని చూపిస్తాను. మిగతావన్నీ దీని వెంట వచ్చినవే.

ఇంకొకటి కూడా చెప్పాలి. పిల్లలు రాస్తున్నంతసేపూ ఆ టీచరు బెత్తం పట్టుకుని వరసల మధ్య తిరిగాడు. ఎవడైనా పక్కకు చూస్తే బెత్తంతో బల్ల మీద తట్టేవాడు. ఒకడి భుజం మీద కూడా తట్టాడు, గట్టిగానే. "నీకు ఎవరినైనా కొట్టాలని అనిపిస్తుందా?" అన్న నా పదకొండో ప్రశ్నకు ఆ పిల్లలు జవాబు రాసింది ఆ బెత్తం కింద. నేను ఫ్యాను కింద కూర్చుని కిటికీలోంచి కొబ్బరిచెట్లను చూస్తున్నాను.

మూడో రోజు ఫారాలు తెచ్చుకుని తిరుగు రైల్లో తిరగేశాను. ఆటలు ఆడతావా? లేదు. ఎప్పుడైనా కోపం వస్తుందా? రాదు. ఎవరినైనా కొట్టావా? లేదు. అందరూ ఒకే అచ్చులో పోసినట్టు మంచి పిల్లలు. రేపల్లె బస్టాండు పక్క గేమ్స్ సెంటర్ ముందు, ఫారాలు పంచిన రోజే, ఇదే యూనిఫాంలో కుర్రాళ్లను చూశాను. పిల్లలు తెలివైనవాళ్లు. రోల్ నంబరు వేసిన కాగితం ఎక్కడికి పోతుందో వాళ్లకు తెలుసు. తెలియంది నాకూ, నా ఉపన్యాసాన్ని నమ్మిన ఒకే ఒక్క పిల్లవాడికీ.

వాడిది ముప్పై ఒకటో నంబరు. ఆడతావా? ఆడతాను. ఎన్ని రోజులు? రోజూ. కోపం వస్తుందా? వస్తుంది. కొట్టాలని అనిపిస్తుందా? అనిపిస్తుంది. చివర "ఇంకేమైనా చెప్పదలిస్తే" అని నేను వదిలిన రెండు ఖాళీ గీతల మీద, గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం ఉంది.

"గేమ్ ఆడేటప్పుడు నన్ను ఎవరూ కొట్టరు."

చదివాను. మళ్లీ చదివాను. ఏదో గుచ్చుకుంది. ఆ గుచ్చుకున్నదాన్ని పట్టుకుని వెనక్కు వెళ్లి ఉంటే ఈ వ్యాసం వేరేగా ఉండేది. నేను బాపట్ల వెళ్లి గైడు సార్‌కి చూపించాను.

"అవును, లేదు అన్నవాటికి ఒకటి, సున్నా వేస్తావు. ఈ వాక్యానికి ఏం వేస్తావు?" అన్నాడు ఆయన.

"అదే సార్, అర్థం కావట్లేదు."

"వదిలెయ్. పట్టికలో పట్టదు. మిగతా జవాబులు మాత్రం బంగారంలా ఉన్నాయి. రోజూ ఆడతాడు, కొట్టాలనిపిస్తుంది. వీణ్ణి కేస్ స్టడీగా పెట్టు."

పెట్టాను. "రేపల్లెకు చెందిన ఒక పదో తరగతి విద్యార్థి" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. ఆ వాక్యం ఆ రెండు పేజీల్లో లేదు.

నెల గడిచింది. సర్వే చేసినట్టు నాలుగు బళ్ల హెడ్మాస్టర్లూ సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇవ్వాలి. మూడు వచ్చాయి. రేపల్లెది మిగిలింది. వెళ్లేసరికి హెడ్మాస్టరు గదిలో జనం ఉన్నారు.

"సమయానికొచ్చారమ్మా, కూర్చోండి" అన్నాడు.

ముందురోజు సైకిల్ స్టాండులో ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారు. ఒకడి నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. వాడి తండ్రి బడి కమిటీలో ఉన్నవాడు. కొట్టినవాడు గోడవారగా నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, మెడదాకా గుండీలు పెట్టుకుని. పక్కన వాడి నాన్న, బియ్యం మిల్లులో గుమస్తా. చేతిలో గుడ్డసంచి.

హెడ్మాస్టరు సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. నా ఫారం. జిరాక్స్. పైన కుడివైపు ముప్పై ఒకటి.

"చూడండి, స్వహస్తాలతో రాసుకున్నాడు. రోజూ గేములు ఆడతాడంట. కొట్టాలనిపిస్తుందంట. మనం చెప్పేదేముంది?" నా వైపు తిరిగాడు. "మీరు దీని మీదే చదువుతున్నారు కదమ్మా. ఈ ఆటలు ఆడితే పిల్లలు ఇలా అవుతారా, అవరా?"

అప్పుడు ఆ పిల్లవాడు నన్ను చూశాడు. వాడి మాట చాలా మెల్లగా వచ్చింది.

"పేరు రాయొద్దన్నారు కదా మేడమ్."

నేను జవాబు చెప్పేలోపే వాడి నాన్న చెయ్యి లేచింది. చెంప మీద ఒకటి, వీపు మీద రెండు. పిల్లవాడు కదల్లేదు. చేతులు అడ్డం పెట్టుకోలేదు. అలవాటైనవాళ్లు అడ్డం పెట్టుకోరు.

"వదిలెయ్యండి," అన్నాడు హెడ్మాస్టరు, "ఇప్పుడు కొడితే ఏం లాభం? ముందునుంచీ కొట్టి పెంచాల్సింది."

"కొట్టకుండా ఎప్పుడున్నానండి," అన్నాడు తండ్రి. "నా చేతులు పడిపోయేట్టు కొడుతూనే ఉన్నాను. ఆ దరిద్రపు ఆటలేనండి వీణ్ణి పాడుచేసింది."

హింస మీద పరిశోధన చేస్తున్న మనిషి ఆ గదిలో ఉంది. ఎదురుగా మూడు దెబ్బలు పడ్డాయి. బల్ల మీద పెన్ను స్టాండు పక్కన బెత్తం ఉంది. ఇన్నేళ్లుగా కొడుతూనే ఉన్నానని తండ్రి స్వయంగా ఒప్పుకున్నాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? నా సంచిలో ఉన్నది సంతకం కావాల్సిన కాగితం. ఇంకో రెండు రోజుల్లో థీసిస్ బైండింగ్‌కి ఇవ్వాలి.

"సంబంధం ఉండే అవకాశం ఉందండి," అన్నాను.

"విన్నారుగా" అన్నాడు హెడ్మాస్టరు, కమిటీ మనిషితో.

పబ్లిక్ పరీక్ష రాయబోయే పిల్లల జాబితా ఆ వారమే పైకి పంపాలి. అందులో వాడి పేరు తీసేసి టి.సి. ఇచ్చేయడానికి నిర్ణయమైపోయింది. ఆ నడిసంవత్సరంలో ఇంకే బడి చేర్చుకుంటుంది? "ఒక్క సంవత్సరమేనండి, ఈ ఒక్క సంవత్సరం కానివ్వండి" అని తండ్రి బతిమాలుతుంటే, హెడ్మాస్టరు నా కాగితం మీద సంతకం పెట్టి, స్టాంపు వేసి, ఊది ఆరబెట్టి ఇచ్చాడు. నేను థాంక్స్ చెప్పాను. చెప్పాను, నిజం.

ఆదివారం మాస్టారికి చెప్పాను. సగం చెప్పి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు.

"దెయ్యాలు లేవని ఊరూరా తిరిగావు. గేమ్ అని కొత్త దెయ్యాన్ని నువ్వే ప్రతిష్ఠించి వచ్చావు. ఆ పిల్లవాడి ఒళ్లు చూశావా?"

"లేదు మాస్టారూ."

"వెళ్లి చూడు."

మర్నాడు వెళ్లాను. ఇంట్లో వాళ్లమ్మ ఒక్కతే ఉంది. తలుపు సగమే తీసింది. కొల్లూరులో తన అన్నయ్య దగ్గరికి పంపించేశామనీ, ఏటి మధ్య లంకలో అరటితోట పనికి వెళ్తున్నాడనీ చెప్పింది. ఎందుకు కొట్టుకున్నారమ్మా అని అడిగాను.

"ఆ పిల్లాడు మావాడి చొక్కా వెనకనుంచి పైకి లేపి అందరికీ చూపించాడంట. వీపు మీద బెల్టు వాతలు. 'ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండిరా' అన్నాడంట. మావాడు అప్పుడు కొట్టాడు."

"ఈ మాట హెడ్మాస్టరు గారికి చెప్పలేదా?"

"ఎవరన్నా అడిగితే కదమ్మా."

అడగలేదు. నేనూ అడగలేదు. ఇరవై నాలుగు ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు.

బడికి వెళ్లి హెడ్మాస్టరుతో చెప్పాను. నా మాట తప్పు, ఆ ఫారాన్ని సాక్ష్యంగా వాడే హక్కు మీకు లేదు, జాబితాలో పేరు చేర్చండి అని వాదించాను. ప్రెస్సు మేడమీద నేర్చుకున్న వాదనంతా వాడాను. ఆయన మర్యాదగా విన్నాడు. "జాబితా శనివారమే వెళ్లిపోయిందమ్మా" అన్నాడు. బాపట్లలో గైడు సార్ని ఇంకొక్క పేజీ చేర్చనివ్వమని అడిగాను. "బైండింగ్ అయిపోయాక ఏంటమ్మా ఇది, వైవాలో నిన్ను నువ్వే పడగొట్టుకుంటావా?" అన్నాడు. అక్కడ కూడా తగ్గాను. వైవాకు వచ్చిన పెద్దాయన "సమాజానికి పనికొచ్చే పని" అని మెచ్చుకున్నాడు. మంచి మార్కులొచ్చాయి. ఆ మార్కులతోనే ఉద్యోగం వచ్చింది.

కొల్లూరు వెళ్లాను, ఆరేడు నెలల తర్వాత. వాడు అరటిగెలలు ఒడ్డుకు చేరవేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను క్షమించమన్నాను. వాడు గెల దించి, చేతులు తుడుచుకుని, "పర్లేదు మేడమ్" అన్నాడు. పరీక్ష ప్రైవేటుగా కట్టిస్తాను, పుస్తకాలు తెస్తాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"మళ్లీ ఏదైనా కాగితం మీద రాయాలా?" అని అడిగాడు.

ఎగతాళిగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. పరీక్ష అన్నా, ఫారం అన్నా వాడికి ఒకటే అయిపోయింది. వాడు మళ్లీ పుస్తకం పట్టలేదు.

ఆటలు మంచివని నేను అనడం లేదు. పిల్లల్ని అవి ఏం చేస్తాయో నాకు తెలియదు, ఎందుకంటే నేను తెలుసుకోలేదు. తెలుసుకున్నట్టు ఒక పుస్తకం మాత్రం రాశాను. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. కొన్నేళ్ల తర్వాత మా బాపట్ల కాలేజీ లైబ్రరీకి వెళ్లి దాన్ని తీసి చూశాను. వెనక అంటించిన చీటీ మీద తేదీ ముద్రలున్నాయి. నా తర్వాతి విద్యార్థులు తీసుకెళ్లారు. కేస్ స్టడీ పేజీల పక్కన ఎవరో పెన్సిలుతో గీత పెట్టుకున్నారు, ఎత్తిరాసుకోవడానికి. నా చేతిలోనూ పెన్సిలుంది. ఆ పేజీ అంచున, గుండ్రటి అక్షరాలతో కాకపోయినా, వాడి వాక్యం రాసి వచ్చాను. లైబ్రరీ పుస్తకం మీద రాయడం తప్పే. చెరిపేశారో, ఉందో తెలియదు.

ఇప్పుడు మీ సంగతి. ఈ వ్యాసం చదివి నిట్టూర్చి పక్కన పెడితే మీరు ఆ గదిలో నాతోపాటు కూర్చున్నట్టే. రేపు పొద్దున మీ పిల్లల బడికి వెళ్లండి. హెడ్మాస్టరు బల్ల మీద బెత్తం ఉంటే, తీసి అవతల పారెయ్యమని ఆయన ముఖం మీదే చెప్పండి, పారేసేదాకా అక్కణ్ణుంచి కదలకండి. అంతకంటే ముందు, ఈ రోజే, మీ ఇంట్లో పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేను మొదట అడిగిన ప్రశ్నకు మీ జవాబు వాడికే చెప్పండి. చెప్పి, ఇక కొట్టనని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి.